చీరల మధ్య కాలేజీ పేరు

చంద్రపూర్‌లోని మా బట్టల దుకాణంలో కొత్త రకం చీరలు తెప్పించే ముందు, వచ్చిన గిరాకీలనే అడిగి చూడటం అలవాటు. మా అమ్మాయికి ఒక కాలేజీలో భూగర్భశాస్త్రంలో సీటొస్తే మా అన్న అదే పద్ధతి పట్టాడు. చీర కోసం వచ్చిన ప్రతివాళ్లనూ, "గీ కాలేజీ పేరు విన్నరా అక్కా?" అని అడగడమే. ఎవరూ వినలేదు. నాగపూర్‌లోని ఇంకో కాలేజీ పేరు మాత్రం అందరూ విన్నారు. అందులో అమ్మాయి కోరిన చదువే లేదు.

"నాగపూర్‌ది పేరు మోసిన కాలేజీ తమ్మీ, పిల్లను గండ్లనే ఏద్దాం."

"మోసేది పిల్ల గదనే..." అని నసిగాను. అన్న ముందు నా మాట ఎప్పుడూ కట్‌పీసే.

సీటు ఒప్పుకోవడానికి అదే ఆఖరి రోజు. అమ్మాయి విసుగ్గా, "పెద్దబాపూ, గండ్ల ఏం చదువు చెప్తరో గూడ అడుగరాదూ" అంది.

అన్న నిజంగానే ఒకామెను అడిగాడు.

"ఏమో అన్నా, ఆటో ఎనక పేరు సూసిన గంతే. గా ఎర్రంచుది తియ్యి."

అన్న మళ్లీ గుమ్మం వైపు చూశాడు, ఇంకెవరైనా వస్తారేమోనని.

"ఇంకో గిరాకీ రాకముందే నీ సీటు ఫోన్‌ల ఒప్పుకో బిడ్డా" అన్నాను, ఈసారి అన్నకు వినబడేలాగే.