జున్ను మడిచిన పారాచూట్ తోడుగా విమానంలోంచి దూకాను

జున్నూ, విన్నావా? మీ అమ్మ దూకిందే! ఉయ్యాల ఎక్కితే కళ్ళు తిరిగే మీ అమ్మ, పదివేల అడుగుల ఎత్తు నుంచి సముద్రం మీదికి దూకింది. నేల మీదికొచ్చి రెండు రోజులైనా నా కాళ్ళు ఇంకా గాల్లోనే ఉన్నట్టున్నాయి. ఎవరు కనపడినా ఇదే చెబుతున్నాను. నిన్న చేపలు కొనడానికి వచ్చినావిడకి సగం చేప కోసి, మిగతా సగం చేత్తో పట్టుకుని మరీ చెప్పాను.

నేను అండమాన్‌లో, రంగత్ బజారులో చేపలమ్ముతాను. చదువుకున్నది ఐదో తరగతి. మా అమ్మాయి గ్రేసుని ఇంట్లో జున్ను అని పిలుచుకునేవాళ్ళం. చలికాలంలో పోర్ట్ బ్లెయిర్‌లో ఆకాశం నుంచి దూకించే క్యాంపు ఒకటి పెడతారు. అందులో పారాచూట్లు మడవడం దాని ఉద్యోగం. పోయిన వానాకాలం వారం రోజుల జ్వరంతో వెళ్ళిపోయింది. అందరూ ముందు అడిగేది ఒకటే, పైనుంచి పడిందా అని. కాదండీ. ఆకాశం నా పిల్లనేమీ చేయలేదు. దోమ చేసింది. అందుకే నాకు ఆకాశం మీద కోపం లేదు. వాళ్ళ నాన్న మాత్రం అప్పటినుంచీ తల పైకెత్తడం మానేశాడు. వేటకి వెళ్ళినా నీళ్ళకేసే చూస్తాడు.

ప్రయాణం ఎలా మొదలైందంటే, జున్నుతో పాటు పనిచేసిన సలోమి ఫోన్ చేసింది. దూకేవాళ్ళ సంచిలో రెండు పారాచూట్లుంటాయి. ఒకటి ప్రతిసారీ విచ్చుకునేది. రెండోది, మొదటిది మొరాయిస్తే ఆదుకునేది. ఆ రెండోదాన్ని లైసెన్సు ఉన్నవాళ్ళే మడిచి, ఎర్రదారంతో కట్టి, దారానికి తమ గుర్తున్న సీసపు ముద్ర వేస్తారు. ఎవరూ వాడకపోయినా గడువు రాగానే విప్పి మళ్ళీ మడవాలి. "ఆంటీ, జున్ను మడిచినవాటిలో ఒక్కటే మిగిలింది. శనివారంతో దాని గడువు అయిపోతాది. మీకు చెప్పకుండా విప్పలేకపోయాను" అంది సలోమి. "విప్పకే, నేనొస్తున్నాను" అన్నాను. ఎందుకు వెళ్తున్నానో, వెళ్ళి ఏం చేస్తానో నాకే తెలియదు. నా పిల్ల చేతి చివరి మడత విప్పేస్తారంటే ఇంట్లో కూర్చోలేకపోయాను.

రంగత్ నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళే బస్సులు తెల్లవారకముందే బయలుదేరతాయి. టికెట్టు మూడొందల లోపే, కానీ ముందురోజే తీసుకోండి. ఎడమవైపు కిటికీ దొరికితే మంచిది. బారాటాంగ్ దగ్గర బస్సునే బోటు మీదికెక్కించి అవతలి ఒడ్డుకి దాటిస్తారు. అక్కడ వేడి వేడి సమోసాలు దొరుకుతాయి. ఆ తర్వాత జారవా ఆదివాసుల అడవిలో బండ్లన్నీ ఒక వరసలో, పోలీసుల వెంట పోవాలి. ఎక్కడా ఆగకూడదు, ఫోటోలు తీయకూడదు. వాళ్ళ ఇంటి మధ్యనుంచి పోతున్నాం కాబట్టి కాస్త మర్యాదగా కూర్చుంటే చాలు.

డ్రైవరు మురుగన్ మాకు బాగా తెలిసినవాడే. బోటు కోసం ఆగినప్పుడు అడిగాడు, "ఏంటి దీదీ, పోర్ట్ బ్లెయిర్ ఆస్పత్రికా?"

"కాదు భయ్యా, విమానంలోంచి దూకడానికి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి. అప్పటిదాకా దూకాలన్న ఆలోచనే లేదు. అన్నాక మాత్రం ఒళ్ళంతా ఝల్లుమంది. ఔను, దూకితే? విప్పకముందే జున్ను మడతతో ఒక్కసారి ఆకాశంలోకి వెళ్ళొస్తే?

మురుగన్ నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "అరే దీదీ, పొద్దున బస్సెక్కడానికి స్టూలు వేయమన్నారు కదా! అక్కడ స్టూలు ఎవరు వేస్తారు?" బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. చాలా నెలల తర్వాత నా నవ్వు నాకే వినపడింది.

బంబూఫ్లాట్ దగ్గర దిగిపోయి, చిన్న బోటులో చాతం ఒడ్డుకి దాటాను. రోడ్డు మీద చుట్టూ తిరిగి పోయేకంటే ఇదే దగ్గర, టికెట్టు కూడా చిల్లర డబ్బులే. చాతం నుంచి ఆటోలో డెలానీపూర్‌లో ఉన్న మా చెల్లెలు రూతు ఇంటికి వెళ్ళాను. సంగతి విని అది గరిటె పట్టుకునే బయటికొచ్చింది. "ఏటే అక్కా, నీకేటైనా పిచ్చెక్కిందేటి? బావకి చెప్పావా?"

"చెప్తే రానిస్తాడేటి?"

"దూకినాక చెప్తావా?"

"దూకినాక బతికుంటే చెప్తాను, లేకపోతే నువ్వు చెబుదువుగాని" అన్నాను. గరిటెతో ఒక్కటిచ్చింది. రాత్రి పడుకునే ముందు మాత్రం నాకోసం చాలాసేపు ప్రార్థన చేసింది. పొద్దున, చీర వద్దంటారని జున్నుది ఒక ట్రాక్ ప్యాంటు తీసి ఇచ్చింది. వాళ్ళింట్లో దాని బట్టలు ఒకట్రెండు ఉండిపోయాయి. నడుం దగ్గర బిగుతైనా ఎక్కింది.

క్యాంపు ఊరి చివర, సముద్రం పక్కనున్న మైదానంలో ఉంది. రేకుల షెడ్డులో పొడవాటి బల్ల మీద ఆ సంచి పెట్టి ఉంది. సలోమి సంచి మీది మూత ఎత్తి చూపించింది. సన్నటి ఎర్రదారం, చివర పప్పుబద్దంత సీసం. మీద జున్ను గుర్తు. దాన్ని వేలితో తడిమాను. "దీన్ని విప్పకుండా నాకు ఇచ్చేయకూడదా అమ్మా?" అని అడిగాను.

క్యాంపు పెద్దాయన మంచివాడు. సంచి పాతదే, ఇంకొన్నాళ్ళు పనికొస్తుంది గానీ, మీరడిగితే పక్కన పెట్టేస్తాం, ఇలాగే ఇంటికి పట్టుకెళ్ళండి అన్నాడు. సలోమి నేలచూపులు చూస్తూ అంది, "మీ ఇష్టం ఆంటీ. కాని మడిచినది మడిచినట్టే ఉంటే గుడ్డకి గాలాడదు. విప్పకపోతే అది పారాచూట్ కాదు, మూట." ఆ మాట నాకు నచ్చలేదు. "ముందు దీనితో దూకుతాను. తర్వాత చెప్తాను" అన్నాను.

దూకించేది రావత్ భయ్యా. కొండంత మనిషి, నోరు తెరిస్తే హిందీ, నవ్వితే గుబురు మీసం. బరువు చూశాడు, డాక్టరు దగ్గర బీపీ చూపించాడు. సంచి ఆయన వీపుకి, నేను ఆయన ముందు పట్టీలతో. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఒంటరిగా దూకరు, ఇలాగే వెళ్తారు. మామూలుగా అయితే ఇరవై వేల పైమాటే, పనిచేసేవాళ్ళ ఇంటి మనిషినని నాకు తగ్గించారు. ఏమేం వేసుకోవాలో కూడా చెప్పాడు. లేసులు గట్టిగా కట్టే బూట్లు కావాలి, కొక్కేలున్న బూట్లు పనికిరావు, తాళ్ళు చిక్కుకుంటాయి. కళ్ళద్దాలు కంటికి అతుక్కోవాలి. పారాచూట్ ఎంత పెద్దదైతే అంత నెమ్మదిగా దిగుతుంది. కొత్తవాళ్ళు చిన్నది, వేగంగా పోయేది కావాలని మారాం చేయకూడదు. సంచిలో ఒక చిన్న యంత్రం కూడా ఉంటుంది. మనిషికి స్పృహ తప్పినా, నేల దగ్గరపడుతుంటే అదే రెండోదాన్ని విప్పేస్తుంది.

పట్టీలు తడుముతున్న రావత్ భయ్యా చెయ్యి ఒకచోట ఆగింది. "యే క్యా హై అమ్మా?"

దొరికిపోయాను. మా వాళ్ళు కొత్త వల సముద్రంలోకి తీసుకెళ్ళేముందు దానికి పాత వల పోగు ఒకటి ముడేస్తారు. పాత వల దారి చూపిస్తుందని. జున్ను చిన్నప్పుడు నాతో కూర్చుని అల్లిన వల పోగు ఒకటి తెచ్చి, ఎవరూ చూడకుండా పట్టీకి కట్టేశాను. చెప్తే ఆయన పడీపడీ నవ్వాడు. "అమ్మా, మీ వలకి చిక్కించడమే పని. మాకు ఏదైనా చిక్కుకుంటే ముసీబత్, పెద్ద ప్రమాదం!" పోగు విప్పి పారేయలేదు. తన లోపలి జేబులో పెట్టి జిప్పు వేశాడు. "ఇప్పుడు సరే. నాస్తా ఏం తిన్నారు?"

"టీ తాగాను."

"ఖాళీ కడుపుతో వచ్చినవాళ్ళు పైన సొమ్మసిల్లిపోతారు. తిని రండి, లేకపోతే విమానం లేదు."

సలోమి షెడ్డు వెనక క్యాంటీనుకి తీసుకెళ్ళి ఇడ్లీలు పెట్టించింది. నేను చిదుపుతూ కూర్చుంటే ప్లేటు తన వైపు లాక్కుని ముక్క తుంచి నా నోటి ముందు పెట్టింది. "జున్నూ ఇంతే ఆంటీ. మడత మొదలెడితే తిండి గుర్తుండేది కాదు. ఇలాగే పెట్టేదాన్ని." నోరు తెరిచాను. నాలుగు ఇడ్లీలు తిన్నాను. పిల్ల పోయాక అంత తినడం అదే మొదటిసారి.

విమానం చిన్నది, లోపల మాట వినపడదు. తలుపు తెరిచాక చల్లగాలి మొహానికి కొట్టింది. కింద దీవులు పచ్చటి మచ్చల్లా, చుట్టూ నీలం, ఇంకా ముదురు నీలం. కాళ్ళు బయటికి వేలాడదీశాను. "తల వెనక్కి!" అని అరిచాడు రావత్ భయ్యా. అంతే, వెళ్ళిపోయాం.

అమ్మో! పడుతున్నట్టు ఉండదండీ. గాలి మనల్ని అరచేతిలో పెట్టుకుని మోస్తున్నట్టుంటుంది. నోరు తెరిస్తే గాలి బుగ్గలు ఊదేసింది. నేను అరుస్తున్నాను, నాకే వినపడటం లేదు. జున్నూ, జున్నూ అనే అరిచానట. తర్వాత రావత్ భయ్యా చెప్పాడు. ఒక్కసారిగా పైకి లాగినట్టయింది, పారాచూట్ విచ్చుకుంది. కాని మేం సుడిలా తిరగడం మొదలెట్టాం. పైకి చూశాను. తాళ్ళు జడ అల్లినట్టు మెలిపడిపోయి ఉన్నాయి.

"కుచ్ నహీ అమ్మా! కాళ్ళు ముడుచుకో, కదలకు" అన్నాడు చెవిలో. గొంతులో కంగారు లేదు. రెండు చేతులతో తాళ్ళని విడదీస్తూ, సైకిలు తొక్కినట్టు కాళ్ళతో తన్నాడు. ఇలా మెలిపడితే చేయాల్సింది ఇదేనట. ఎత్తు ఇంకా ఉండగా విడిపోతే సరి. విడిపోకపోతే కుడివైపు ఎర్రటి మెత్తటి పిడి లాగి చెడ్డదాన్ని వదిలించుకోవాలి, ఆ తర్వాతే ఎడమవైపు ఇనుప పిడి లాగి రెండోదాన్ని విప్పాలి. ముందుది వదలకుండా రెండోది తెరిస్తే, రెండూ ఒకదానికొకటి చుట్టుకుంటాయి.

ఆ ఇనుప పిడి నాకు కనపడుతోంది. దాని అవతల నా జున్ను మడత ఉంది. నిజం చెప్తున్నాను, నాకు భయమే వేయలేదు. ఇది విడిపోకపోతే నా పిల్ల ఉంది కదా అనుకున్నాను. అంతలో మెలిక ఒక్కొక్క చుట్టూ విడుతూ వచ్చి, తాళ్ళు నిటారుగా నిలబడ్డాయి. తల మీద పారాచూట్ నిండు చందమామలా పరుచుకుంది. సద్దు లేదు. మా కింద చాతం, బోట్లు, డెలానీపూర్ ఇళ్ళ కప్పులు. రావత్ భయ్యా తాళ్ళ పట్టీలు నా చేతికిచ్చాడు. నేను కుడివైపు లాగితే ఆకాశం కుడివైపు తిరిగింది!

గడ్డి మీద కూర్చున్నట్టు దిగాం. సలోమి పరుగెత్తుకొచ్చి కావలించుకుంది. నేను గంతులేస్తూనే చెప్పాను, "పదవే, విప్పుదాం."

"నిజంగానా ఆంటీ?"

"నన్ను కాపలా కాసింది చాలు. ఇంకొకళ్ళ పిల్లలు దూకాలి కదా."

షెడ్డులో బల్ల మీద సంచి పెట్టి, ఇనుప పిడి నా చేతికే ఇచ్చారు. రెండు చేతులతో లాగాను. ఎర్రదారం టప్పున తెగింది. స్ప్రింగున్న చిన్న గొడుగు లోపలినుంచి కప్ప దూకినట్టు ఎగిరి రేకుల కప్పుకి తగిలింది! కెవ్వుమన్నాను, తర్వాత అందరం ఒకటే నవ్వు. సలోమి మెల్లగా గుడ్డని బయటికి లాగుతుంటే, చీర కుచ్చిళ్ళలా ఒకదాని మీద ఒకటి, అంచుకి అంచు కలిపిన మడతలు. వల విసిరితే నోరు గుండ్రంగా తెరుచుకోవాలని, ఏ పోగూ ఇంకోదాని మీదికి రాకుండా సర్దడం నేను నేర్పాను దానికి. ఆ సర్దుడే ఇది. ఎక్కడా ఒక్క దారం తప్పలేదు. చివరి మడత విడిపోయాక గుడ్డ మెల్లగా పొంగి బల్లంతా పరుచుకుంది. సీసపు ముద్ర నా కొంగులో ముడేసుకుందామనుకుంటే, చీర లేదు. ట్రాక్ ప్యాంటు జేబులోనే వేసుకున్నాను. సాయంత్రం సలోమి దాన్ని మళ్ళీ మడిచి, తన గుర్తుతో కొత్త ముద్ర వేసింది. నేను పక్కనే కూర్చుని తాళ్ళు పట్టుకున్నాను.

ఇంటికి రాగానే వాళ్ళ నాన్నకి అంతా చెప్పాను. ఆయన సీసపు ముద్ర చేతిలో తిప్పి తిప్పి చూసి, బయటికెళ్ళి తల పైకెత్తి నిలబడ్డాడు. నాకు అనిపించేది ఇది. పిల్ల చేసిన పని ముడేసి దాచుకుంటే నా ఒక్కదానికే ఉండేది. విప్పాక గాలి తగిలి, మళ్ళీ పనిలోకి వెళ్ళింది. రేపు ఎవరో ముక్కూ మొహం తెలియని బిడ్డ వెనక ఉంటుంది. దాని అవసరం రాకూడదనే కోరుకుంటాను, వస్తే మాత్రం విచ్చుకుంటుంది.

మీరు దూకడానికి వెళ్ళేముందు క్యాంపు నడుస్తోందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, గాలి బాగా లేకపోతే రోజంతా ఆగాల్సి వస్తుంది. దూకడానికి రెండు గంటల ముందు ఇడ్లీయో ఉప్మాయో తేలిగ్గా తినండి, ఖాళీ కడుపుతో మాత్రం వెళ్ళకండి. దూకేవాళ్ళకే కాదు, ఇది చదివే అందరికీ చెబుతున్నాను. పనుల్లో పడి తిండి మరిచిపోకండి నాయనా. వేళకి కడుపు నిండా తినండి.