పిన్ని కొండచుక్క పూసిన మూడు రోజులు

మా పిన్ని చేతిలో రంపం చూసి పాలగిన్నె అక్కడే వదిలి పరిగెత్తాను. పెరట్లో కొండచుక్క మొక్కకు అప్పటికే ఒక కొమ్మ తెగి కింద పడి ఉంది, దాని నిండా తెల్లటి పూలు. ఆవిడ రెండో కొమ్మ మీద రంపం పెట్టబోతోంది. ఏడేళ్ళు పెంచిన మొక్క!

ముందు ఆవిడ సంగతి చెప్పాలి, లేకపోతే నా కంగారు మీకు అర్థం కాదు. పిన్ని ముప్పై ఏళ్ళు నర్సరీలో పనిచేసింది. అక్కడ అందరూ ముక్కక్క అనేవారు. ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుందంటే చాలు, అదేం మొక్కో, ఏ రకమో ఠక్కున చెప్పేసేది. ఊరి పక్క కొండ మీద కొండచుక్క పొదలుండేవి. వాటికి కవలపిల్లలాంటిది ఇంకోటి ఉంది, ఉత్తచుక్క. అదే ఆకు, అవే నాలుగు తెల్ల రేకులు, వాసన మాత్రం సున్నా. రెండూ కలిసే పెరుగుతాయి, ఆకు నలిపినా వాసన రాదు గనక పూసేదాకా ఏది ఏదో దేవుడికే తెలియాలి. కంకర కోసం కొండని పిండి కొడుతున్నారని తెలిసి పిన్ని పరుగున వెళ్ళి, పొదల కింద రాలిన మూడు గింజలు ఏరుకొచ్చింది. ఒకటే మొలిచింది. ఇల్లంతటికీ ఎండ పడే ఆ కాస్త చోటూ దానికే ఇచ్చేసింది. బట్టలు ఆరేయడానికి చోటు లేదని బాబాయి ఏడేళ్ళుగా సణుగుతూనే ఉన్నాడు.

రెండేళ్ళ కిందట పిన్నికి జ్వరం వచ్చింది. పోతూ పోతూ వాసనని కూడా పట్టుకుపోయింది. ముక్కక్కకి ముక్కు పనిచేయకపోతే ఇంకేముంది? నర్సరీ మానేసింది. ఒకరోజు బాబాయి టీ తాగుతూ ఏం వాసన, ఏం వాసన అని మురిసిపోతే, పిన్ని తన కప్పు అక్కడే వదిలేసి లేచిపోయింది. ఆ రోజే నేను శాసనం చేశాను: ఇకపై ఈ ఇంట్లో వాసన అన్న మాట ఎవరూ ఎత్తకూడదు. నా నోటికి జడిసి బాబాయి కిక్కురుమనకుండా ఒప్పుకున్నాడు.

గురువారం మొక్క మొట్టమొదటిసారి పూసింది. నేనుండేది పైగదిలో. కిటికీ తెరవగానే గుప్పుమంది, ఎగిరి గంతేశాను. బాబాయికి సైగ చేశాను, ఆయన నాకు సైగ చేశాడు. పిన్ని ఎదుట మాత్రం పూలు ఎంత తెల్లగా ఉన్నాయో అని ఊరుకున్నాం. మూడు రోజులూ ఆవిడ మా మొహాలే చూస్తూ ఉంది. ఆ చూపేమిటో నా మట్టిబుర్రకి ఎక్కలేదు.

ఆదివారం నర్సరీ యజమాని వస్తానన్నాడు. కొండ మీద ఇక ఒక్క పొదా మిగల్లేదు. మా మొక్క అసలుదైతే దీని కొమ్మలతోనే వందల మొక్కలు చేద్దామని ఆయన ఆశ. నేను పాల కోసం వెళ్ళి వచ్చేసరికి పిన్ని రంపం పట్టుకుని ఉంది.

ఒక్క అరుపు అరిచి ఆ చెయ్యి పట్టుకున్నాను. పిన్ని చల్లగా చెప్పింది. ఇది ఉత్తచుక్కేనట. ఇంట్లో రెండు ముక్కులుండి, మూడు రోజుల్లో ఒక్కరూ వాసన అనలేదంటే ఇంకేం సాక్ష్యం కావాలట. తన మాట నమ్మి ఆయన దీన్ని ఊరూరా పంచితే ముప్పై ఏళ్ళ పేరు మంటగలుస్తుందట.

"వాసన వస్తోంది పిన్నీ, ఒట్టు," అన్నాను.

"జాలిమాటలొద్దు. చెయ్యి వదులు."

బాబాయిని కేకేశాను. తల నిండా సబ్బు నురగతో, తువ్వాలు చుట్టుకుని స్నానాలగదిలోంచి ఊడిపడ్డాడు. దీనికి వాసన ఉందా లేదా అని పిన్ని నిలదీసింది. ఆ మహానుభావుడు ఆవిడకి జవాబు చెప్పకుండా నా వంక చూశాడు.

"చెప్పేయనా?" అన్నాడు నాతో.

పిన్ని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. అప్పటికీ నమ్మలేదు. ఎలాంటి వాసనో చెప్పమంది. బాగుంటుందన్నాడు బాబాయి. కాసేపు ఆలోచించి, చాలా బాగుంటుందన్నాడు. ఇక నా వంతు. నాకు తోచింది చెబితే పువ్వుని తిట్టినట్టే ఉంటుంది.

"ముందు తియ్యగా ఉంటుంది. రెండోసారి పీలిస్తే మాత్రం... కోప్పడకు పిన్నీ, అప్పుడే పీకిన పచ్చి వేరుశనక్కాయ ఒలిచినట్టుంటుంది."

రంపం జారి కింద పడింది. అదేనంది పిన్ని. ఆ రెండో వాసన అసలు కొండచుక్కకే ఉంటుందట, ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదట. అదే, అదే అంటూ ఆ లావుపాటి మనిషి నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. నేను గెంతాను. కళ్ళలో నురగ పడి గోలపెడుతూనే, ఒక చేత్తో తువ్వాలు పట్టుకుని బాబాయి కూడా గెంతాడు. తెగిన కొమ్మని సైతం పిన్ని వదల్లేదు. కత్తెర తెప్పించి, పదకొండు ముక్కలు చేసి బకెట్ నీళ్ళలో పెట్టింది.

ఆ తర్వాత నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"పూసి మూడు రోజులైందే. ఆ మూడు రోజులూ నాకు లేకుండా చేశారు," అంది.

నాకు ఏడుపు ఆగలేదు. మంచి చేస్తున్నాననుకుని ఎంత పని చేశాను! ఇంతలో గేటు బయట యజమాని స్కూటర్ ఆగింది. నేను కదలబోతే పిన్ని ఆపింది. ఒక పువ్వు కోసి నా ముక్కు కింద పెట్టి, తను కళ్ళు మూసుకుంది.

"మళ్ళీ చెప్పు. ఈసారి తొందరపడకుండా."