నేను ఇంటర్నెట్‌లో పెట్టిన సమాధి

మా స్టాఫ్‌రూమ్‌లో ఎవరికైనా తాతముత్తాతల మీద ఆసక్తి పుడితే నా దగ్గరికి పంపేవారు. ఆ పనిలో నాకంత పేరుండేది. అడిగితే ఇప్పటికీ చెప్పగలను. ముందు ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి, కంప్యూటర్ ఎక్కడికీ పోదు, వాళ్లు పోతారు. ఊరి పేరును ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా కొట్టి వెతకండి, నర్సీపట్నాన్ని దొరలు ఎవరి నోటికొచ్చినట్టు వాళ్లు రాసుకున్నారు. ఓటర్ల జాబితాలో ఇంటి నంబరు చూడండి, ఒకే తలుపు వెనక ఎవరెవరు ఉన్నారో తెలుస్తుంది. ఇవన్నీ చెప్తాను. ఒక్క సలహా మాత్రం చెప్పను. మా కొంప ముంచింది అదే.

మా నాన్న టైలరు. తొంభైల మొదట్లో, నేను పదో తరగతిలో ఉండగా పోయారు. చర్చి సమాధుల తోటలో తాతయ్య పక్కన పాతిపెట్టి, రాతి మీద ఆయన చర్చి పేరు చెక్కించాం. మాలాంటి ఇళ్లలో ప్రతి మనిషికీ రెండు పేర్లుంటాయి. బాప్తిస్మంలో పెట్టింది ఒకటి, బడిలో రాయించింది ఒకటి. బడి పేరు వినడానికి హిందువుల పేరులాగే ఉంటుంది. ఎందుకంటే మేం ఎస్సీలం. క్రైస్తవులమని కాగితం మీద రాస్తే ఆ రిజర్వేషన్ పోతుంది. కులం మాత్రం పోదు. అద్దె ఇల్లు అడిగినప్పుడు అది ఎక్కడికీ పోకుండా మాతోపాటే గుమ్మంలో నిలబడి ఉంటుంది. అందుకని ఆదివారం ఒక పేరు, మిగతా ఆరు రోజులూ ఇంకో పేరు. ఇందులో మోసం ఉందని మాకెవరికీ అనిపించలేదు. నాకు ఇప్పటికీ అనిపించదు.

తమ్ముడికి బడి పేరు మీద సర్టిఫికెట్ వచ్చింది, ఆ సర్టిఫికెట్ మీద టీచరు ఉద్యోగం వచ్చింది. నాతవరం వైపు ఒక ఊళ్లో వేశారు. మా వంశంలో మొదటి ప్రభుత్వ ఉద్యోగం వాడిదే. నాన్న పోయినప్పటి నుంచి జాకెట్లు కుట్టి మమ్మల్ని పెంచిన అమ్మ, ఆ రోజు మిషను మీద దుప్పటి కప్పి ఇక కుట్టనంది. నేనొక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ ఉండేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటాక బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి. ఒక్క ఫొటో పైనుంచి కిందికి దిగడానికి పది నిమిషాలు పట్టే కాలం అది. ఒక సాయంత్రం, ఎప్పుడో మా వైపు పనిచేసి వెళ్లిపోయిన క్రైస్తవ మిషనరీల పాత నివేదికలు దొరికాయి. అందులో ఒక ఫొటో. నేల మీద రెండు వరుసల్లో మగవాళ్లు కూర్చున్నారు. చివర, చెవులు బయటికి పొడుచుకొచ్చిన కుర్రాడు మా తాతయ్య. కింద ఆయన చర్చి పేరు. పక్క సీటతను తిరిగి చూసేంత గట్టిగా ఏడ్చాను. మా మనిషి పేరు అచ్చులో చూడడం నాకదే మొదటిసారి.

అక్కడితో నాకు పిచ్చి పట్టింది. వంశవృక్షం ఉచితంగా గీసుకునే సైటు ఒకటి పట్టుకున్నాను. కొత్తవాళ్లకు ఆ సైటు ఇచ్చిన సలహా ఇది: ఒక మనిషికి ఎన్ని పేర్లుంటే అన్నీ ఒకేచోట రాయండి, పక్కన ఆధారం జతచెయ్యండి, లేకపోతే ఒకే మనిషి ఇద్దరుగా మిగిలిపోతాడు. ఎంత మంచి సలహా. దానివల్ల ఏ నష్టమూ రాని వాళ్లకు. నేను నాన్న చర్చి పేరు రాసి, అలియాస్ అని పెట్టి, బడి పేరు రాశాను. సమాధి రాయిని ఫొటో తీసి పెట్టాను. బాప్తిస్మాల రిజిస్టరు పేజీ స్కాన్ చేయించి పెట్టాను. నాన్న కింద తమ్ముడి పేరు, పక్కన వాడి ఉద్యోగం.

ఆ పేజీ ప్రింటు తీసి తెచ్చి చూపిస్తే అమ్మ తాతయ్య బొమ్మను చాలాసేపు చూసింది. తర్వాత అడిగింది.

"ఇది ఎవులు సూత్తారే?"

"ఎవరైనా చూడొచ్చమ్మా."

"ఎవులైనా అంటే?"

నేను నవ్వాను. అమ్మకు కంప్యూటర్ అంటే తెలియదనుకున్నాను. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చీటీల మీద ఆ సైటు అడ్రసు రాసిచ్చాను.

రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం, బడి మధ్యలో వదిలేసి తమ్ముడు ఆటో ఎక్కి వచ్చేశాడు. చేతిలో నోటీసు ఉంది. వాడు క్రైస్తవుడని, సర్టిఫికెట్ రద్దు చెయ్యాలని ఎవరో అర్జీ పెట్టారు. దానికి జతచేసిన కాగితాలు వాడు నా ముందు పరిచాడు. నేను గీసిన గీతలు, నేను తీసిన ఫొటో, నేను రాసిన అలియాస్.

"ఇది నువ్వు సేసిందే కదక్కా" అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

ప్రమోషన్ వరసలో వాడి వెనక ఉన్నవాళ్లెవరో అయ్యుంటారు. వెతికితే పట్టుకోగలను, వెతకడం నాకొచ్చు. వెతకలేదు.

మేం పట్టుకున్న ప్లీడరు గారు కాగితాలన్నీ తిరగేసి, అలియాస్ అన్న ఆ ఒక్క మాట దగ్గర వేలు పెట్టారు. చర్చి పేరు మనిషి, బడి పేరు మనిషి ఒకరేనని చెప్పేది ఇదొక్కటే అన్నారు. పొరపాటున ఇద్దరిని కలిపేశానని నేను రాసివ్వాలి. ఆ సమాధి తన భర్తది కాదని అమ్మ చెప్పాలి. అమ్మ చేత ఆ మాట అనిపించలేనన్నాను.

"నాను సెప్తాను" అంది అమ్మ. "ఆయన బతికుంటే ఆయనే సెప్పేవోడు. కొడుకు కూడు కన్నా రాయి ఎక్కువేటి?"

విచారణకు వచ్చిన ఆఫీసరు మర్యాదస్తుడు. మా గోడ మీంచి సిలువ తీసేసిన చోట తెల్లటి మచ్చ మిగిలితే దాని మీద క్యాలెండరు తగిలించాం. ఆయన దాని కిందే కూర్చుని టీ తాగాడు. "వంశవృక్షం చాలా పద్ధతిగా చేశారమ్మా, ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు" అన్నాడు నాతో. వెక్కిరింపు కాదు, నిజంగానే అన్నాడు. అదంతా నా ఊహేనని కాగితం రాసి ఇచ్చాను. తర్వాత ఆయనతోపాటు అమ్మను సమాధుల తోటకి తీసుకెళ్లాం.

"ఈ రాయి ఎవరిదమ్మా?"

"తెలీదు బాబూ."

"మరి మీ ఆయన?"

"మా ఆయన్ని ఏటి ఒడ్డున కాల్సేసినారు."

అంటూనే అమ్మ అలవాటు కొద్దీ వంగింది, రాతి మీది ఆకులు తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆఫీసరు చూశాడో లేదో తెలియదు. రాసుకోలేదు.

తమ్ముడి ఉద్యోగం నిలబడింది. నేను ఆ పేజీ తీసేశాను. కానీ అందరూ చూస్తుండగా మేం చెప్పిన అబద్ధాన్ని ఇక రోజూ కాపాడుకోవలసి వచ్చింది. అమ్మ చర్చికి వెళ్లడం మానేసింది, తోట వైపు దారే మార్చుకుంది. బజారుకు చుట్టూ తిరిగి వెళ్లేది. నా మీద కోపం చూపించలేదు, అన్నం పెట్టడం మానలేదు. నాతో మాట్లాడడం మాత్రం తగ్గించింది. ఏదైనా చెప్పబోయి, ఇది కూడా రాసుకుంటానేమోనన్నట్టు చూసి ఊరుకునేది. నాన్న గురించి మళ్లీ ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

విచారణ జరిగిన మూడో ఏడు వానాకాలంలో అమ్మ పోయింది. తమ్ముడి స్కూలు మాస్టర్లు మా చుట్టాలకంటే ముందే వచ్చి వాకిట్లో కుర్చీల్లో కూర్చున్నారు. అర్జీ పెట్టినవాడు వాళ్లలో ఉన్నాడో లేదో. నేను తమ్ముడిని లోపలికి పిలిచి, ఎవరికీ చెప్పకుండా నాన్న పక్కన పెట్టేద్దాం, రాయి కూడా వద్దు, ఉత్త మట్టి చాలన్నాను. బతిమాలాను. వాడు ఏడుస్తూనే తల అడ్డంగా ఊపాడు.

"పాతిపెడితే మళ్లీ ఎవరో ఒకరు ఫొటో తీస్తారక్కా. కాల్సేద్దాం."

బలిఘట్టం వైపు ఏటి ఒడ్డుకి తీసుకెళ్లాం. తలకొరివి ఎలా పట్టుకోవాలో తమ్ముడికి తెలియకపోతే పక్కవాళ్లు చూపించారు. మాస్టర్లు చూస్తున్నారని మేం ప్రార్థన చెయ్యలేదు, అమ్మకి ఇష్టమైన పాట కూడా పాడలేదు. తడి కట్టెలు అంటుకోవడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ నేను నోరు మూసుకుని నిలబడ్డాను.