నల్లా గద్దె గీసిన గీత

పీర్ మహమ్మద్ ఇంట్లో ఒక రోడ్డు ఉంది. కిటికీ కింద, పాత కుట్టుమిషను బల్ల మీద, గోడ నుంచి గోడ దాకా సాగుతుంది. పొద్దుటి ఎండ వాలగానే దాని మీద జానెడు లారీలు, జానెడు నీళ్ల ట్యాంకర్లు, నిచ్చెన మడుచుకున్న ఒక ఎర్రని ఫైరింజను కనిపిస్తాయి. ఎక్కడికో బయలుదేరి, వెలుతురు చూసి ఒక్క క్షణం ఆగినట్టుంటాయి.

అడుగుకు అర అంగుళం. అది ఆయన లెక్క. అసలు బండిలో అడుగున్నది ఆయన చేతిలో అర అంగుళమవుతుంది. నూనెడబ్బా రేకు కత్తిరించి బాడీ చేస్తాడు. పాత గొడుగు ఊచలతో ఫైరింజను నిచ్చెన, పెన్ను మూతతో ఆక్సిజన్ సిలిండరు, తెగిన హవాయి చెప్పులతో చక్రాలు. లారీ డ్రైవర్లు వచ్చి తమ బండి చేయించుకుంటారు. తమ బండిలాంటిది కాదు, తమ బండే కావాలి వాళ్లకి. నెత్తి మీద రాయించుకున్న బిడ్డ పేరు, అద్దానికి వేలాడే నల్లకుచ్చు, వెనక బంపరు మీద తామరపువ్వు, అన్నీ ఉండాలి. షోరూం నుంచి దిగిన రోజు ఎట్లా ఉందో అట్లా ఉండాలి.

అది ఆయనకు బాగా తెలిసిన పని. రాణిగంజ్ వైపు ఒక రేకుల షెడ్డులో వయసంతా బండ్ల సొట్టలు తీశాడు. సుత్తితో మెల్లగా కొట్టి, గుంట పూడేలా లప్పం పెట్టి, నీళ్లలో తడిపిన ఎమరీ కాగితంతో రుద్ది, రంగు కొట్టి పంపేవాడు. గుద్దుకున్న బండి ఆయన చేతిలోంచి బయటికి పోయేటప్పుడు దానికెప్పుడూ ఏమీ జరగనట్టే ఉండేది. ఇనుముకు మరుపు నేర్పడం ఆయన వృత్తి. మోకాళ్లు మొరాయించాక షెడ్డు మానేశాడు గానీ చేతులు మానలేదు. అందుకే ఈ చిన్న రోడ్డు.

ఒక్క బండిని మాత్రం ఆయన ఎవరూ అడగకుండానే మొదలుపెట్టాడు. తెల్లని అంబులెన్సు.

అంతకు ముందు ఏడాది ఒక శుక్రవారం, జుమ్మా నమాజు నుంచి వచ్చేసరికి ఆయన భార్య అక్బర్ బీ వంటింటి గడప మీద కూర్చుని ఉంది. నుదురంతా చెమట. చెయ్యి గుండెల మీద.

"ఊపిరి అందుతలేదు, నిఖత్ వాళ్ల అబ్బా," అంది. ఎప్పటిలా కూతురి పేరుతో పిలిచి అట్లా అనడానికే ఆమెకు చాలాసేపు పట్టింది.

ఫోను చేస్తే అంబులెన్సు వచ్చింది, గల్లీ మొగదాకా. సీతాఫల్‌మండిలో ఆ గల్లీ రెండు స్కూటర్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సినంతది. అందులోకి పొడుచుకొచ్చినట్టు నల్లా గద్దె ఒకటి. మంచినీళ్ల పంపు దగ్గర బిందెలు పెట్టుకోవడానికి కట్టిన సిమెంటు దిమ్మె. గల్లీవాళ్లు దానికి పచ్చరంగు వేసుకున్నారు. స్ట్రెచర్‌తో ఇంటిదాకా నడిచి వచ్చి, మళ్లీ అంతదూరం మోసుకుపోవాలంటే చాలాసేపు పట్టేది. డ్రైవరు అద్దంలో గల్లీని చూశాడట. రివర్సు గేరు వేశాడట. జనం స్కూటర్లు పక్కకు ఎత్తిపెట్టారు, మంచాలు లోపలికి లాగారు, పూలకుండీలు సంకనేసుకున్నారు.

"అన్నా, ఆగు ఆగు! గద్దె తగుల్తది!" అని ఎవరో అరిచారు.

"తగల్నియ్!" అన్నది డ్రైవరు గొంతు.

ఆ తర్వాత వచ్చిన చప్పుడు పీర్ మహమ్మద్ పళ్లలో ఇప్పటికీ ఉంది. రేకును సిమెంటు ఒరుసుకుంటూ పోయిన చప్పుడు. భార్యను పొదివి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఆ మనిషికి, అల్లా క్షమించాలి, ఒక్క క్షణం తోచింది ఇదే: దీనికి లప్పం బాగానే పడుతుంది.

బండి ఎడమ పక్కన గీత. తెల్లటి గోడను ఎవరో గోరుతో గీరినట్టు.

దారంతా ఆయనకు డ్రైవరు ముఖం కనిపించలేదు. చెమటకు తడిసిన కాలరు, వంగిన మెడ, అంతే. ఆసుపత్రిలో తలుపులు తెరుచుకున్నాయి, స్ట్రెచర్ పరుగెత్తింది, దాని వెంట ఆయనా పరుగెత్తాడు. సాయంత్రం డాక్టరు బయటికొచ్చి, "ఇంకొంచెం ఆలస్యమైతే..." అని ఆ మాటను అక్కడే వదిలేసింది. పీర్ మహమ్మద్ ఆ వాక్యాన్ని మోసుకుంటూ పోర్టికోలోకి వచ్చాడు. అంబులెన్సు నిలబడ్డ చోట ఖాళీ నేల. డ్రైవరుకు చెప్పాలనుకున్న షుక్రియా అనే మాట నాలుక మీదే ఉండిపోయింది.

అక్బర్ బీ ఇంటికి వచ్చింది. మెల్లగా నడిచింది, తర్వాత మామూలుగా నడిచింది, తర్వాత ఎప్పటిలాగే తిట్టడం షురూ చేసింది. ఆ తిట్లు వింటుంటే ఇంటికి మళ్లీ కరెంటు వచ్చినట్టుండేది ఆయనకు. కానీ నాలుక మీది మాట దిగలేదు. చిలకలగూడ చౌరస్తాలో, స్టేషను ముందు, ఎక్కడ తెల్లబండి ఆగినా దాని ఎడమ పక్కకు వెళ్లి చూసేవాడు. ముఖం తెలియని మనిషిని గీతను బట్టి పట్టుకోవాలని. ఎక్కడా ఆ గీత లేదు.

"పెండ్లిచూపులకు పోయినట్టు బండ్ల చుట్టు తిరుగుతున్నవ్. జెర సిగ్గుపడు," అనేది అక్బర్ బీ.

గీత ఎక్కడా దొరకక, దాన్ని తానే చేయాలనుకున్నాడు. ఆ మనిషి దొరికిన రోజున చేతికి ఇవ్వడానికి. దొరకకపోతే కిటికీ కింద ఉంచుకోవడానికి.

ఏ బండికీ అన్ని రోజులు పట్టలేదు. వెనక తలుపులు నిజంగానే తెరుచుకోవాలి. లోపల స్ట్రెచర్, దాని మీద అక్బర్ బీ పాత దుపట్టా అంచుతో దుప్పటి. పక్కన తాను కూర్చున్న బల్ల. నెత్తిమీది నీలం లైటుకు మాత్రం చాలారోజులు ఏదీ నచ్చలేదు. చివరికి బీరువాలోని ఆసుపత్రి కవరు గుర్తొచ్చింది. ఆ రోజు నర్సు తీసి ఇచ్చిన గాజులు అందులో ఉన్నాయి. ఒక నీలం గాజు ముక్క అరగదీసి నెత్తిమీద అతికిస్తే, ఎండ తగలగానే బల్ల మీద చిన్న నీలిమచ్చ పడి వణికింది.

"నా గాజు విరగ్గొట్టినవా?" అంది అక్బర్ బీ నడుము మీద చెయ్యేసుకుని.

"లైటు లేంది ఎవరు దారిస్తరు?"

ఆమె కాసేపు ఆ నీలిమచ్చను చూసింది. "ఇంకోటి సుత తీస్కో. వెనక్కు సుత లైటుంటది గద," అని చాయ్ పెట్టడానికి పోయింది.

అన్నిటికంటే ముందు మాత్రం ఆయన గీత గీశాడు. రంగు ఆరీ ఆరకముందే, దబ్బనంతో, ముందు తలుపు నుంచి వెనక చక్రం దాకా. తన జీవితంలో బండికి పెట్టిన మొదటి గీత. పెట్టాక దబ్బనం కింద పెట్టి చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

డ్రైవరును కనుక్కున్నది కూతురు నిఖత్. బేగంపేటలో ఆఫీసు అయ్యాక ఆసుపత్రి గేటు దగ్గరికి పోయి, అక్కడ చాయ్ తాగే డ్రైవర్లందరినీ ఆ శుక్రవారం గురించి అడిగింది. మల్కాజ్‌గిరిలో ఉండే జ్ఞానశేఖర్ అనే ఆయన, "కావచ్చమ్మా. సీతాఫల్‌మండి చాన్నిసార్లు వచ్చిన. గల్లీలన్ని ఒక్కతీర్గనే ఉంటయి గద," అన్నాడట. ఆదివారం చర్చి అయ్యాక వస్తానన్నాడు.

ఆ 'కావచ్చు' అన్న మాట పీర్ మహమ్మద్‌ను నిద్రపోనివ్వలేదు. "ఆయన కాకుంటే ఎట్ల బేటా? షుక్రియా ఇంకొకరికి పోదా?"

"పోతే పోనీ. ఆయన సుత ఎవరినో ఒకరిని మోసే ఉంటడు," అంది అక్బర్ బీ.

శనివారమంతా ఆయన ఆ బండికి మెరుగు పెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం జ్ఞానశేఖర్ వచ్చాడు. నలభై దాటిన మనిషి, తెల్లచొక్కా, జేబులో చిన్న బైబిలు. స్కూటరు గుమ్మం ముందు ఆపి, లోపలికి వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆయన కళ్లు ఇంట్లో దేనికోసమో వెతుకుతున్నాయి. పీర్ మహమ్మద్ రెండు చేతులతో అంబులెన్సును తెచ్చి ముందు పెట్టాడు.

"అబ్బ! మస్తుంది చాచా. తలుపులు సుత తెరుచుకుంటున్నయే!" జ్ఞానశేఖర్ వేలితో తెరిచాడు, మూశాడు. తర్వాత కొంచెం తటపటాయించాడు. "నేను అబద్ధం చెప్పలేను చాచా. మా బండ్లన్ని ఒక్కతీర్గనే ఉంటయి. ఇది నేను తోలిందేనా, ఆ రోజు వచ్చింది నేనేనా, నాకు పక్కా తెల్వది."

"తెలుస్తది బాబూ. గిది చూడు." పీర్ మహమ్మద్ బండిని ఎడమ పక్కకు తిప్పాడు.

గీత లేదు.

అద్దంలా ఉంది ఆ పక్క. అందులో కిటికీ కనిపిస్తోంది, కిటికీలో ఆకాశం ముక్క. పీర్ మహమ్మద్ వేలితో తడిమాడు. నున్నగా జారిపోయింది వేలు. అప్పుడు గుర్తొచ్చింది. నిన్న మెరుగు పెడుతూ ఎమరీ కాగితం తిప్పుతుంటే వేళ్లకేదో గరుకు తగిలింది. వేళ్లు తమ పని తాము చేసుకుపోయాయి. కాస్త లప్పం, కాస్త రుద్దుడు, పైన తెల్లరంగు. మనసు ఎక్కడో రేపటి దగ్గర ఉంటే, చేతులు పాత షెడ్డులోకి పోయి వచ్చాయి.

"మాపేసిన," అన్నాడు ఆయన పాలిపోయి. "నా చేత్తో నేనే మాపేసిన."

నిఖత్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్బర్ బీ మాత్రం పడీపడీ నవ్వింది. "జిందగంత గీతలు మాపుడే పనాయె! ఒక్కటంటే ఒక్క గీత పెట్టుకున్నడు, దాన్ని సుత ఉండనియ్యలే!"

ఆ నవ్వు విని జ్ఞానశేఖర్ తల ఎత్తాడు. చేతిలో చాయ్ పళ్లెంతో తలుపు దగ్గర నిలబడ్డ ఆమెను చూశాడు. "ఈమెనేనా?" అన్నాడు మెల్లగా. "ఆ రోజు మోసుకపోయింది ఈమెనేనా?"

"నేనే బాబూ."

ఆయన లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో తెలియనట్టు మళ్లీ కూర్చున్నాడు. "మాకు ఎవ్వరు మళ్ల కనబడరమ్మా. ఎక్కించుకుంటం, దింపుతం, తలుపు మూస్తం. బతికిండ్రా లేదా, ఎవ్వరు వచ్చి చెప్పరు. నేను బండి చూడనీకి రాలేదు. మిమ్మల్ని చూడనీకే వచ్చిన."

అక్బర్ బీ వచ్చి చాయ్ పళ్లెం ఆయన ముందు పెట్టింది.

పీర్ మహమ్మద్ దబ్బనం తెచ్చాడు. మళ్లీ గీద్దామని వంగాడు. చెయ్యి దిగలేదు. నున్నటి తెలుపు మీదే దబ్బనం మొన ఆగిపోయింది. చివరికి దాన్ని జ్ఞానశేఖర్ చేతికిచ్చాడు. "ఆ రోజు మా గల్లీల బండికి గీత పడ్డది. నువ్వే అయితే నీకు యాదికుంటది. నువ్వు గియ్యి."

జ్ఞానశేఖర్ దబ్బనాన్ని చూశాడు, బండిని చూశాడు. కళ్లు మూసుకున్నాడు. ఎడమచెయ్యి గాలిలో స్టీరింగు పట్టుకున్నట్టు కదిలింది. తర్వాత దబ్బనం మొన వెనక చక్రం పైన ఆనించాడు. అక్కడి నుంచి మెల్లగా ముందుకు, ముందు తలుపు దాకా లాగాడు. తలుపు దగ్గర కొంచెం పైకి లేపాడు. "ఇక్కడ గద్దె మూల ఉండె. బండి ఒరిగింది," అన్నాడు కళ్లు మూసుకునే.

పీర్ మహమ్మద్ ఆ గీత మీదికి వంగాడు. తాను గీసినప్పుడు గీతను ముందు నుంచి వెనక్కి లాగాడు, బండి ముందుకే పోతుందన్నట్టు. కానీ ఆ రోజు బండి వెనక్కి వచ్చింది. గద్దెకు మొదట తగిలింది వెనక చక్రం వైపే. ఆ గీత పుట్టిన తీరు చూసినవాడికి తెలియదు, బండి తోలినవాడికే తెలుస్తుంది.

"నువ్వే!" అన్నాడు ఆయన.

"నేనే అనుకుంటున్న చాచా," జ్ఞానశేఖర్ నవ్వాడు. "పచ్చరంగు సుత అంటింది. షెడ్డుల మావోళ్లు వారం కాకముందే రంగేసి మాపిండ్రు."

ఊరంతా వెతికినా గీత ఎందుకు దొరకలేదో అప్పుడు అర్థమైంది పీర్ మహమ్మద్‌కి. తనలాంటి చెయ్యే ఇంకెక్కడో దాన్ని మాపేసింది. ఇప్పుడు ఆ గీత ఈ లోకంలో ఇక్కడొక్కచోటే ఉంది, అడుగుకు అర అంగుళం చొప్పున. అగ్గిపుల్లను పచ్చరంగులో ముంచి, గీతలో సన్నగా అద్దాడు. ఈసారి చెయ్యి ఆగలేదు.

చాయ్ అయ్యాక, అక్బర్ బీ బలవంతంగా పెట్టిన సేమియా అయ్యాక, నిఖత్ ఒక అట్టపెట్టెలో కాగితాలు కుక్కి బండిని పడుకోబెట్టింది. పీర్ మహమ్మద్ స్కూటరు దాకా వెంట వచ్చాడు.

"జాగ్రత్త బాబూ. మల్కాజ్‌గిరి దాక అన్ని గుంతలే. అటిటు కొట్టుకుంటే గీతలు పడ్తయి."

"తగల్నియ్ చాచా," అన్నాడు జ్ఞానశేఖర్, స్కూటరు స్టార్టు చేస్తూ.

అదే గొంతు. పీర్ మహమ్మద్ గుమ్మంలో అట్లాగే నిలబడిపోయాడు. స్కూటరు నల్లా గద్దె దాకా పోయి ఆగింది. మొన్న రంజానుకు గల్లీవాళ్లు గద్దెకు మళ్లీ పచ్చరంగు వేసినప్పుడు ఒక మూలను ముట్టుకోవద్దని పీర్ మహమ్మద్ బతిమాలుకున్నాడు. అక్కడ పచ్చ మీద ఆనాటి బండి తెల్లని చార ఉండిపోయింది. జ్ఞానశేఖర్ వంగి దాన్ని వేలితో తాకాడు. వెనక్కి తిరిగి చెయ్యి ఊపి, గల్లీ దాటిపోయాడు.

"షుక్రియా చెప్పినవా మరి?" అంది అక్బర్ బీ పక్కకు వచ్చి నిలబడి.

పీర్ మహమ్మద్ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "యా అల్లా! ఇయ్యాల సుత మర్చిపోయిన!"

ఆమె మళ్లీ నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఆగకూడదని, ఆయన గల్లీ మొగ వైపు చూస్తూ అక్కడే నిలబడ్డాడు.