సుబాబుల్ తోటలో స్ప్రేయర్ చప్పుడు

దయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని చిన్నప్పుడు చెప్పేవారు. ముందుకే తిరిగి ఉన్న నా పాదాల మీదే నాకు నమ్మకం లేదు, ఇక వాటి మీద ఎక్కడి నుంచి వస్తుంది? మీరూ నమ్మనక్కర్లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. నేను పదివేల మీటర్లు పరిగెత్తుతాను, అంటే ట్రాక్ మీద ఇరవై ఐదు చుట్లు. మొదటి ఐదు చుట్లు చూసినవాళ్ళు మెచ్చుకునేవారు. చివరి ఐదు చూసినవాళ్ళు మంచినీళ్ళు తెచ్చేవారు. సాధనా అంతే. ఒకరోజు ఒళ్ళు తెలియని పరుగు, తర్వాత మూడు రోజులు ఒళ్ళు కదలని పడక. నీకు నిలకడ లేదని పరుగు నేర్పే మాస్టారు అనేవారు. నిలబడిపోవడం మాత్రం బాగా వచ్చు.

ఆ సంగతి అందరికంటే ముందు కనిపెట్టినవాడు మా కోటయ్య బాబాయి. ఆయన పరుగు పందేలు చూసినవాడు కాదు. మిరప చేలో చేతి స్ప్రేయర్ వీపుకు తగిలించుకుని, లివర్ కొట్టుకుంటూ, సాలు మొదట్లో ఎలా నడిచేవాడో చివర్లోనూ అలాగే నడిచేవాడు. ఊరంతా బ్యాటరీ పంపులు కొన్నా ఆయన మారలేదు. నేను రొప్పుతూ గట్టు మీద కూలబడటం చూసి ఒకసారి అన్నాడు.

"ఏరా, ట్యాంకు మందంతా మొదటి సాలుకే కొట్టేస్తే, చివరి సాలు పురుగుకి రాసిచ్చినట్టేనా?"

నవ్వి ఊరుకున్నాను. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆ చేలో పిన్ని, కాగితం మిల్లుకు అమ్మే సుబాబుల్ చెట్లు వేయించింది.

మొన్న చలికాలంలో రాష్ట్ర జట్టుకు సెలక్షన్ పెట్టారు. ముప్పై మూడు నిమిషాల లోపు రావాలి. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఈసారీ రాకపోతే బూట్లు అటకెక్కించి నాన్నతో పాటు చేలోకి దిగుతానని ఇంట్లో మాటిచ్చాను.

రోజూ తెల్లారాక డొంక రోడ్డు మీద పరిగెత్తేవాణ్ణి. ఒక పొగమంచు ఉదయం సుబాబుల్ తోట పక్కగా వస్తుంటే లోపలి నుంచి చేతి స్ప్రేయర్ చప్పుడు. టక్కు, టక్కు. తోట అవతల ఎవరో మిరపకు మందు కొడుతున్నారనుకున్నాను. తెలియకుండానే నా అడుగులు దానితో కలిశాయి. ఒక్కో లివర్ దెబ్బకు నాలుగడుగులు. తోట దాటినా అది సన్నగిల్లలేదు, చివరి దాకా నాతోనే వచ్చింది.

మర్నాడూ అంతే. అలా పన్నెండు రోజులు. అన్ని రోజులూ నా వాచీలో ప్రతి కిలోమీటరూ ఇంచుమించు ఒకటే. అంతకుముందు నేను వరసగా పన్నెండు రోజులు చేసిన పని భోజనం ఒక్కటే.

పదమూడో రోజు ఆ చప్పుడు సంగతి అమ్మతో అన్నాను. అమ్మ మిరపకాయల తొడిమలు తీస్తోంది, తలెత్తలేదు.

"మంచు ఆరకుండా మందు కొట్టే తిక్కలోడు ఎవడ్రా మనూళ్ళో?"

రైతు కొడుకునై ఉండి సిగ్గుపడ్డాను. ఆకు తడిగా ఉంటే మందు నిలవదు, కారిపోతుంది. మధ్యాహ్నం వెళ్ళి చూశాను. తోట అవతల చేలే లేవు. కాలవ ఉంది, నాకే గుర్తు రాలేదు.

సెలక్షన్‌కు ఇంకా ఐదు రోజులు. ఆ ఐదు రోజులూ అటు పోలేదు, స్కూలు గ్రౌండ్‌లో పరిగెత్తాను. అక్కడ చప్పుడు లేదు. నిలకడా లేదు.

గుంటూరులో గన్ పేలగానే అలవాటు కొద్దీ ముందుకు దూకాను. మొదటి చుట్టు ముగుస్తుండగా వినిపించింది. చుట్టూ ఈలలు, మైకు. అయినా అది చెవి పక్కనే. ఎందుకో భయం వేయలేదు. ముందున్నవాళ్ళను పోనిచ్చి, దెబ్బకు నాలుగడుగులు వేశాను. ఇరవయ్యో చుట్టు దాటాక, పోయినవాళ్ళు ఒక్కొక్కరే నా వెనక్కి వచ్చారు.

ముప్పై రెండు నిమిషాల నలభై ఏడు సెకన్లు. గీత దాటగానే చప్పుడు ఆగింది. గడ్డి మీద పడుకుని చాలాసేపు నవ్వాను. బూట్లు కాళ్ళకే ఉన్నాయి.

మాస్టారు చుట్టుచుట్టుకీ రాసుకున్న కాగితం నా దగ్గరుంది. మొదటిది డెబ్బై ఒక్క సెకన్లు. మిగతా ఇరవై నాలుగూ డెబ్బై తొమ్మిదే. స్టాప్‌వాచీ పాడైందేమోనని మధ్యలో ఊపి చూశారట.

ఆ సాయంత్రం మిఠాయి పట్టుకుని పిన్ని దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. పిన్ని మిఠాయి పొట్లం పక్కన పెట్టింది.

"మంచులో కొట్టేది మందు కాదురా, మంచినీళ్ళు. చెయ్యి సమంగా ఆడుతుందో లేదోనని పొద్దున్నే పోయి చూసుకునేవాడు మీ బాబాయి. నవ్వుతారు, ఎవరికీ చెప్పొద్దనేవాడు. నేను చెప్పలేదు."

స్ప్రేయర్ గొడ్ల చావిట్లో మేకుకు వేలాడుతోంది. లివర్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. రెండు చేతులతో లాగినా కదల్లేదు.

ఆ తర్వాత డొంక మీద ఆ చప్పుడు మళ్ళీ వినపడలేదు. పిన్ని ఎవరికీ చెప్పని సంగతి నా చెవిన ఎలా పడిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. తోట దగ్గరికి రాగానే నేనే నోటితో టక్కు టక్కు అనుకుంటూ పోతున్నాను. చివరి సాలుకు కూడా మందు మిగులుతోంది.