శాంపిల్ అనుకున్న సీసా

మా మామగారి అంగడికి ఏ సీసా వచ్చినా అది శాంపిలే. పత్తిగింజల నూనె, బుడ్డల నూనె (అంటే వేరుశనగ నూనె) వ్యాపారం ఆయనది. ఆదోనిలో బేరం మొదలయ్యేది మాటలతో కాదు, శాంపిల్ సీసాతో. నూనె అరచేతిలో పోసుకుని, వేలితో రుద్ది, వాసన చూసి, నాలుక మీద వేసుకుని ఉమ్మేస్తారు. ఆ తర్వాతే నోరు విప్పుతారు.

ఇదంతా రోజూ చూసేదాన్నే. అయినా నాకు సీసా తెచ్చిచ్చే బెంగళూరు కంపెనీ మనిషికి ఆ అంగడి గుర్తులే చెప్పాను, అక్కడికి వచ్చి ఫోన్ చేస్తే నేనే వచ్చి తీసుకుంటానని. ఎమ్మిగనూరులో మా అమ్మ ఇంటికి తెప్పించుకోవచ్చు కానీ, అమ్మ వేసే ప్రశ్నలు తలచుకుని మానుకున్నాను. వచ్చేది ఫ్రెంచ్ వైట్ వైన్.

ఆ కంపెనీ హోటళ్లకు మెనూలు రాసిపెడుతుంది. ఇంటి నుంచే చేసే ఉద్యోగం. నా బిడ్డకు తొమ్మిది నెలలు. వాణ్ణి వదిలిపోనక్కర్లేని పని మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం నాకు లేదు. ఫుడ్ సైన్స్ చదివాను కాబట్టి, ఉద్యోగానికి వాళ్లు పెట్టిన మొదటి పరీక్ష పుస్తకాలు చూసి రాసేశాను. తీపి లేకుండా, పుల్లగా, చురుక్కుమనే ఈ వైన్ ఆల్చిప్పలకు, నిమ్మరసం పిండిన చేపకు, మేకపాల చీజ్‌కు బాగుంటుందని రాశాను. అందులో నేను తిన్నది ఒక్కటీ లేదు. రెండో పరీక్షకు మాత్రం రుచి చూసి, మన తిండ్లలో దేనికి సరిపోతుందో రాయమన్నారు. ఇంట్లో ‘మెనూలు రాసే పని’ అని మాత్రమే చెప్పాను. మామగారు పుట్టి బుద్ధెరిగి మందు ముట్టని మనిషి.

కంపెనీ మనిషి నాకు ఫోన్ చేసేసరికే సీసా అంగట్లో ఇచ్చేసి వెళ్లిపోయాడు. బిడ్డను చంకనేసుకుని ఆటో ఎక్కాను.

నేను మెట్లెక్కేసరికి సీసా మర మూత తీసి ఉంది. మామగారి ఎడమ అరచేతిలో లేత పసుపు చుక్కలు. పక్కన ఎప్పుడూ ఉండే బ్రోకరు మెడ చాచి చూస్తున్నాడు.

"ఇంత పల్చటి నూనె నేనెప్పుడూ సూళ్లేదన్నా. నీళ్లు కలిపినారేమో."

"జిడ్డే లేదప్పా. పులిసిన వాసన వస్తాంది. యాడిదో ఏమో, పేరు సదివేకి గూడా రాలేదు," అంటూ మామగారు అరచేతిని నోటి దగ్గరికి తెచ్చారు.

ఊరుకుంటే ఆయన నాలుక మీద వేసుకుని ఉమ్మేస్తారు, పాడైన శాంపిల్ అని సీసా పక్కన పెడతారు, నేను తీసుకుని వెళ్లిపోవచ్చు. ఆ ఆలోచన నాకు వచ్చిన మాట నిజం.

"మామా, వద్దు! అది నూనె కాదు. వైన్. నాకోసం పంపినారు."

చెయ్యి గాల్లోనే ఆగింది. ఉద్యోగం సంగతి మొత్తం చెప్పాను. నా గొంతుకు జడిసి బిడ్డ ఏడుపు అందుకున్నాడు.

"అన్నా, ఈ శాంపిల్‌కు నాకు దలాలి వద్దులే," అన్నాడు బ్రోకరు.

మామగారు నవ్వలేదు. తొట్టి దగ్గరికి పోయి రెండుసార్లు చెయ్యి కడుక్కున్నారు.

"తాగల్లనా?"

"లేదు మామా. నోట్లో తిప్పి ఉమ్మేయొచ్చు. వాళ్లూ అట్లనే చేస్తారు."

"మా మాదిరే," అన్నారు. "శాంపిల్ తీసుకున్నాక మాట సెప్పకుండా ఉండేది ఈ అంగట్లో లేదు. ఈడ్నే సెయ్యి, నా ముందర. ఇంటికి మాత్రం పోకూడదు ఇది." తర్వాత బ్రోకరు వైపు తిరిగి, "నువ్వు పోయి ఉగ్గాని, బజ్జీలు తీసకరా. మండీలో ఈ మాట ఇనపడితే నిన్నే అడుగుతా."

బిడ్డను ఆయన ఎత్తుకున్నారు. నేను స్టీలు గ్లాసులో కొంచెం పోసుకున్నాను. మొదట మిరపకాయ బజ్జీ కొరికాను. వైన్ తగలగానే మంట చెవులదాకా పోయింది. అరటికాయ బజ్జీతో అట్లా కాలేదు. నోట్లో పేరుకున్న నూనెను ఆ పులుపు కడిగేసింది. మరమరాలతో చేసి నిమ్మకాయ పిండిన ఉగ్గానితో ఇంకా బాగా కలిసింది. ప్రతిసారీ మోరీలో ఉమ్మి ఫోన్‌లో రాసుకున్నాను. మిగిలింది మామగారే మోరీలో పారబోశారు. నేను ఉమ్మిన ప్రతిసారీ ఆయన చూశారని నాకు తెలుసు.

ఇంటికి వచ్చి నాలుగుసార్లు నోరు పుక్కిలించాను. ఒక్క చుక్కా మింగలేదు. అయినా బిడ్డకు పాలివ్వడానికి ధైర్యం చాలలేదు. వాడు ఏడుస్తూ నా జాకెట్టు లాగుతున్నాడు.

"బిడ్డ అంత ఏడుస్తాంటే పాలియ్యవేమే?" అత్తమ్మ వంటింట్లోంచి వచ్చారు.

నా వెంటే ఇంటికొచ్చి పేపరు చదువుతున్న మామగారు దాన్ని దించారు. "ఉద్యోగం పని మీద వైన్ నోట్లో ఏసుకొని ఉమ్మేసింది. అంగట్లో, నా ముందర. మింగలేదు. నేను సూసినా."

అత్తమ్మ ఆయన్ను చూశారు. తర్వాత నన్ను చూశారు. వచ్చి బిడ్డను నా చేతుల్లోంచి తీసుకున్నారు.

"ఉమ్మేదానికి గూడా జీతమిస్తారా?" అంటూ వాడికి రాగిసరి కాయడానికి లోపలికి వెళ్లారు.

అది ఎగతాళో కోపమో తెలియలేదు. కాసేపటికి లోపల గిన్నె చప్పుడు వినిపించింది, ఏడుపు ఆగింది. నేను ఫోన్ తీసి, రాసింది బెంగళూరుకు పంపాను.