కుట్టుమిషన్‌కి మూడు రోజుల గడువు

పొద్దున మా వీధి కరీం సాయిబు గారి దగ్గర పాత కుట్టుమిషన్ కొన్నాను. అది ఆయన భార్యది, ఆవిడ ఈమధ్యే పోయారు. లోపం దాచి అమ్మడం వాళ్ల మతంలో తప్పట. బెల్టు వదులని, చక్రం కీచుమంటుందని అన్నీ చూపించారు. చివర్న రంగు పోయిన చోట వేళ్లు పెట్టి, “ఇక్కడ మా ఆవిడ సెయ్యి ఆనించేదమ్మా” అన్నారు. దాన్నీ లోపాల్లోనే కలిపారు.

సాయంత్రం ఫోన్ చేశారు.

“మిషన్ ఎలాగుందమ్మా?”

“బాగా కుడుతోంది సాయిబు గారూ.”

చక్రం కీచుమనడం లేదా అని అడిగారు.

“పొద్దున్న సెప్పేను కదమ్మా, మా పద్ధతిలో మూడు రోజులు గడువుంటాదని. ఏటి నచ్చకపోయినా తెచ్చీండి, డబ్బులిచ్చేత్తాను.”

కత్తిరించిన జాకెట్టు గుడ్డ మడిచి పక్కన పెట్టేశాను. బంగారంలాంటి మిషన్. ఆయన నొచ్చుకోకుండా వెనక్కివ్వాలంటే దీనికేం వంక పెట్టాలో మీరే చెప్పండి.